ఎడమ చెయ్యి

అరిచేవాళ్ళంటే ఆమెకు భయం లేదు.

అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు సూపర్‌వైజర్ మొదటిరోజే చెప్పే ముక్క అది. "అరుస్తున్నాడంటే ఊపిరి ఉన్నట్టే. మనల్ని తిడుతున్నాడంటే ఇంకా మంచిది, ఒంట్లో ఓపిక కూడా ఉన్నట్టు. మెల్లగా, మర్యాదగా మాట్లాడేవాళ్ళు తగిలినప్పుడు మాత్రం కుర్చీల్లో సరిగ్గా కూర్చోండి."

ఆ మధ్యాహ్నం ఆమె సరిగ్గానే కూర్చుంది. సరిగ్గా కూర్చోవడం ఈమధ్య పెద్ద పనే అయిపోయింది. నెలలు నిండిన పొట్ట బల్లకు తగలకుండా కుర్చీ వెనక్కు జరిపితే కీబోర్డు అందదు. ముందుకు జరిపితే లోపలున్న మనిషి తంతుంది. హెడ్‌సెట్‌లో ఒక ముసలాయన, పక్కింట్లో పంచదార అడగడానికి వచ్చినవాడిలా మొహమాటపడుతున్నాడు.

"మా ఆవిడ కింద కూర్చుండిపోయిందమ్మా. లేవనంటోంది. తొందరేం లేదు, మీకు వీలున్నప్పుడే పంపండి."

"పంపుతున్నానండీ. ఆవిడ మీతో మాట్లాడుతున్నారా?"

"ఇందాకటిదాకా మాట్లాడింది."

ఆమె వేలు అప్పటికే ప్రాణాపాయమని చెప్పే ఎర్ర గుర్తు నొక్కేసింది. దగ్గర్లో ఉన్న బండి ఏదో తెర మీద చూసి, పంపించి, "వీధి తలుపు తీసిపెట్టి వచ్చి ఆవిడ పక్కన కూర్చోండి, ఫోను పెట్టేయకండి, నేను ఇక్కడే ఉంటాను," అంది. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. పక్క సీట్లవాళ్ళు ఆమెకు ఫ్రిజ్ అని పేరు పెట్టింది అందుకే. కరెంటు పోయినా చల్లగానే ఉంటుందట.

బండి చేరి, వెనక నుంచి డ్రైవరు గొంతు వినిపించాకే ఆమె ఫోను వదిలింది. అప్పుడు చూసింది, రెండు సీట్ల అవతలి అమ్మాయి ఎడమ చెయ్యి నిటారుగా పైకి లేచి ఉంది.

ఆ గదిలో చెయ్యెత్తితే ఒకటే అర్థం. ఇక నావల్ల కాదు, నా కాల్ తీసుకోండి. సూపర్‌వైజర్ చప్పరిస్తున్న దగ్గు బిళ్ళ బుగ్గకు నెట్టి, పరుగులాంటి నడకతో వచ్చి, ఆ అమ్మాయి తల మీంచి హెడ్‌సెట్ తీసి తన తలకు తగిలించుకున్నాడు. ఏమైంది అని అడగలేదు. అడగకూడదు. చెయ్యి లేచాక ప్రశ్న ఉండదు, అదే అక్కడి కట్టుబాటు. అమ్మాయి బాత్రూమ్ వైపు వెళ్ళిపోయింది.

పని సద్దుమణిగాక ఆయన ఆమె సీటు దగ్గర ఆగాడు. "ఏం ఫ్రిజ్జమ్మా, రేపట్నుంచి సెలవేగా? నువ్వు చెయ్యెత్తగా చూడకుండానే నేను రిటైరైపోతానేమో."

"కుర్చీ తెచ్చుకుని కూర్చోండి సార్. ఎప్పుడో ఒకప్పుడు దోమ కుడుతుంది, ఎత్తుతాను."

ఆయన నవ్వుతూ వెళ్ళాడు. ఆమె మాత్రం బల్ల కింద పొట్ట దిగువన, చీరకట్టు దగ్గర, పాత కుట్టు మీద అరచెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. సాయంత్రం ఆసుపత్రిలో జవాబు చెబుతామన్నారు. మళ్ళీ ఆ ఆపరేషన్ బల్ల ఎక్కాలో అక్కర్లేదో ఇవాళ తేలుతుంది.

*

పెద్ద డాక్టరు ఎప్పుడూ కూర్చుని మాట్లాడరు. ఆసుపత్రిలో అందరికీ తెలిసిన సంగతే. మంచం పక్కన నిలబడి, పెన్ను మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ, చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోతారు. చెడ్డమనిషి కాదు. వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు, అంతే.

"ఒకసారి ఆపరేషన్ అయ్యాక రెండోసారి మామూలు కాన్పుకు ప్రయత్నించొచ్చు. కాదనను," అన్నారాయన. "చాలామందికి బాగానే అవుతుంది. కాకపోతే ఎక్కడో ఒకరికి నొప్పుల్లో లోపలి కుట్టు విచ్చుకుంటుంది. అప్పుడు బిడ్డకీ తల్లికీ ఇద్దరికీ ప్రమాదం. ఆ ఒక్కరూ ఎవరో ముందు తెలియదమ్మా. అదీ నా బాధ."

పరీక్ష మంచం అవతల మిడ్‌వైఫ్ పొట్ట కొలిచిన టేపు చుడుతోంది. పొడుగాటి మనిషి, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, మోచేతుల దాకా కడిగి కడిగి పాలిపోయిన చేతులు. ఆ ఆసుపత్రిలో మామూలు కాన్పులన్నీ ఆవిడ చేతి మీదే జరుగుతాయి.

"పాత కోత అడ్డంగా ఉంది, బిడ్డ తల కిందికి దిగింది, బరువూ పర్లేదు," అంది మిడ్‌వైఫ్. "మా గది తలుపు తీస్తే ఎదురుగా మీ ఆపరేషన్ థియేటరు. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ గుండె మెషిన్ తియ్యను. నా మీద వదిలేస్తానన్నారు మీరు."

"అన్నాను. సంతోషంగా అనలేదు." డాక్టరు పెన్ను జేబులో పెట్టుకున్నారు. "తేడా కనిపిస్తే రెండో మాట లేదు, థియేటరే. సరేనా అమ్మా?"

"సరేనండీ."

ఆయన వెళ్ళాక మిడ్‌వైఫ్ తలుపు దగ్గరకు వేసి వచ్చి, స్టూలు లాక్కుని, ఆమె మోకాళ్ళకు తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"నా దగ్గరికొచ్చే సగం మంది, అక్కా కోసెయ్యమను, ఈ నొప్పులు నావల్ల కాదంటారు. నువ్వేమో కొయ్యొద్దని నెలల తరబడి తిరుగుతున్నావు. ఎందుకే?"

"తొందరగా లేచి తిరగొచ్చు కదక్కా. పెద్దపిల్లను ఎత్తుకోవచ్చు."

"ఆ జవాబు డాక్టరుగారికి చెప్పావుగా. నాక్కూడా అదేనా?"

ఆమె గోడ మీదున్న గర్భాశయం బొమ్మను చూస్తూ కూర్చుంది. తర్వాత, ఎవరికో చిరునామా అప్పజెబుతున్నట్టు, మొదలుపెట్టింది.

"పోయినసారి నడుముకు సూది ఇచ్చారు. ఎడమవైపు మొద్దుబారింది. కుడివైపు బారలేదు. 'కుడివైపు తెలుస్తోందండీ' అని చెప్పాను. 'నొక్కినట్టు ఉంటుందమ్మా, అంతే' అన్నారు. కోత మొదలైంది. నాకు కుడివైపు కోత పొడవునా తెలిసింది. మళ్ళీ చెప్పాను. 'నిజంగా నొప్పైతే ఇలా మాట్లాడవు తల్లీ, ఈపాటికి పైకప్పు ఎగిరిపోయేది' అన్నారు. ఎవరో నవ్వారు కూడా."

మిడ్‌వైఫ్ చేతిలో టేపు విడిపోయి కిందకు జారింది. ఆవిడ వంగి తీయలేదు.

"అరవలేకపోయావా?"

"నాకు రాదక్కా. ఎంత భయమేస్తే గొంతు అంత చల్లబడిపోతుంది. ఉద్యోగం అలా చేసిందో, అలాంటిదాన్నని ఉద్యోగం ఇచ్చారో తెలీదు. నేను చావడానికి భయపడటం లేదు. నిజంగా. మళ్ళీ ఆ బల్ల మీద పడుకుని, చెప్పింది ఎవరూ నమ్మకపోతే..."

"ఎవరే ఆ డాక్టరు?"

"ఇందాక ఇక్కణ్నుంచి వెళ్ళినాయనే."

బయట చక్రాల బండి ఒకటి కిర్రుమంటూ పోయింది.

"ఇప్పుడు నాకూ భయం పట్టుకుంది," అంది మిడ్‌వైఫ్. "నా పనిలో సగం చెవులతోనే చేస్తాను. మూలుగు ఎలా మారిందో వింటే కాన్పు ఎంతదాకా వచ్చిందో తెలిసిపోతుంది. పక్కగదిలో ఉన్నా తెలుస్తుంది. నీ దగ్గర ఆ దారి మూసుకుపోయింది. బాగానే ఉందక్కా అంటూ నా కళ్ళముందే ప్రాణం మీదికి తెచ్చుకుంటావు నువ్వు. నీ గొంతుతో నాకు పనికాదు. ఇంకో గుర్తు చెప్పు."

ఆమె ఆలోచించింది. తర్వాత, కొంచెం సిగ్గుపడుతూ, కంట్రోల్ రూమ్‌లో చెయ్యెత్తడం గురించి చెప్పింది.

"అడ్డెడ్డె, బంగారంలా ఉంది. ఏదీ, ఎత్తు."

ఆమె ఎడమ చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది.

"ఏంటది, ఆటో ఆపుతున్నావా? పైకి."

"ఇంతవరకు ఎప్పుడూ ఎత్తలేదక్కా."

"అందుకే ఎత్తమంటున్నాను. ఇంటికెళ్ళి అలవాటు చేసుకో. నీ చెయ్యి లేస్తే నేను ఏంటి, ఎందుకు అని అడగను. నీ మాట నీదే. కానీ ఒకటి, అది లేచిందంటే మనం వెళ్ళేది ఆ ఎదురుగదికే. తెలుసుగా?"

తెలుసు. అందుకే చెయ్యి భుజం దగ్గర ఆగింది.

*

సెలవు మొదలైన రోజున ఆమె వంటింట్లో గిన్నెలు తుడుస్తూ చెయ్యెత్తి చూసుకుంది. చెయ్యి లేచింది. గిన్నె కింద పడింది.

"ఏమైందే?" అత్తయ్య హాల్లోంచి వచ్చింది. ఉతికిన పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేస్తోందేమో, భుజం మీద దారప్పోగులు అంటుకుని ఉన్నాయి.

"ఏం లేదత్తయ్యా. కాన్పు గదిలో చెయ్యెత్తితే చాలు, మాట్లాడక్కర్లేదన్నారు."

ఇది వినగానే ఆమె నాలుగేళ్ళ కూతురు కుర్చీ ఎక్కి రెండు చేతులూ ఎత్తేసింది. "టీచర్! నేను చెప్తా! నేను చెప్తా!"

"నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారమ్మా," అంది అత్తయ్య దాన్ని దించుతూ. తర్వాత కోడలివైపు తిరిగి, "మా రోజుల్లో మంత్రసాని అనేవాళ్ళం. ఇప్పుడు చదువుకుని, తెల్లకోటేసుకుని మిడ్‌వైఫ్ అయింది. మంచిదే. చేతులు బాగా కడుక్కుంటుందా?"

"తెగ కడుక్కుంటుంది."

"అయితే నాకు నచ్చింది."

భర్త సాయంత్రం నూనె మరకల చొక్కాతో వచ్చాడు. లిఫ్టుల మెకానిక్కు. నాలుగు రోజులుగా ఏదో అడగాలని తిరుగుతూ, అడగలేక, ఇంట్లో ఉన్న గడియలన్నింటికీ నూనె వేస్తున్నాడు. ఆ సాయంత్రం బయటపడ్డాడు.

"ఏం లేదు, ఊరికే అంటున్నాను. మా పనిలో తాడు ఒకసారి దెబ్బతిన్నదంటే, దాన్ని అతికించి మళ్ళీ జనాన్ని ఎక్కనివ్వరు. అలాంటిది..."

"నీ తాడు తగలెయ్య! కడుపుతో ఉన్న పిల్ల ముందు ఏం కూతలురా అవి?" అత్తయ్య గుడ్డ విసిరింది. అది అతని నెత్తిన పడి అలాగే ఉండిపోయింది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్టు దగ్గర లాగింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

అంతే, ఆ తాడు మాట ఆమెలో దిగబడిపోయింది. స్నానానికి వెళ్ళి, తలుపు వేసుకుని, పొట్ట కింద కనిపించని ఆ గీతను వేళ్ళతో తడుముకుంది. పైన చర్మం మీద చిన్న గట్టు, అక్కడక్కడా స్పర్శ లేదు. లోపలిది ఎలా ఉందో ఎవరికి తెలుసు? బిడ్డ కదిలినప్పుడల్లా, కాలు అక్కడే పెట్టి తన్నుతోందేమోనని ఊపిరి బిగబట్టింది. ఒకవైపు అది విచ్చుకుంటుందన్న భయం. ఇంకోవైపు ఆ బల్ల. ఏ పక్కకు ఒరిగినా నిద్ర పట్టదు.

చెయ్యి గుర్తు సంగతి అతనికి చెప్పలేదు. చెబితే, అసలు అది ఎందుకు ఎత్తాల్సి వస్తుందని అడుగుతాడు. ఆ తప్పు ఎంతదాకా వస్తుందో ఆమెకు అప్పుడు తెలియదు.

*

నొప్పులు ఒక ఉదయం, పెద్దపిల్లకు జడ వేస్తుండగా మొదలయ్యాయి. ఆమె రెండో జడ కూడా పూర్తిచేసి, రిబ్బను ముడివేసి, అప్పుడు అత్తయ్యను పిలిచింది.

మిడ్‌వైఫ్ గదిలో మంచం ఒక పక్కకు నెట్టేసి ఉంది. మధ్యలో నడవడానికి చోటు, పట్టుకుని వేలాడటానికి గోడకు కడ్డీ, మూలన పెద్ద రబ్బరు బంతి. పొట్టకు రెండు బెల్టులు కట్టి, పొడుగాటి వైరు మెషిన్‌కు తగిలించారు. బిడ్డ గుండె గదంతా వినిపించసాగింది, ఎవరో పక్కింట్లో కుట్టుమిషను ఆపకుండా తొక్కుతున్నట్టు.

"ఆ చప్పుడు అలా పరుగెడుతున్నంతసేపూ నేను నీ జోలికి రాను," అంది మిడ్‌వైఫ్. వస్తూనే ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా వెనక నిలబడి నడుము మీద అరచేతి మడమతో గట్టిగా నొక్కేది. పోగానే భుజాలు కిందికి జార్చమనేది. "బుగ్గలు వదులు. పళ్ళు కొరికితే కింద కూడా బిగుసుకుపోతుంది. గుర్రంలా ఊదు. బ్ర్ర్ర్. సిగ్గేంటే, ఇక్కడెవరున్నారు? మీ ఆయనా? ఆయన మెషిన్‌ని తప్ప దేన్నీ చూడటం లేదు."

నిజమే. భర్త స్టూలు మెషిన్ ముందుకు లాక్కుని అంకెలవంకే చూస్తున్నాడు. చెడిపోతే తను బాగుచేయగలిగేది ఆ గదిలో అదొక్కటే.

మధ్యాహ్నానికి నొప్పులు దగ్గరపడ్డాయి. ఒక్కొక్కటీ వెన్నులో పుట్టి, ముందుకు తిరిగి, పిడికిలి బిగించి, వదిలేది. ఆమెకు ఆశ్చర్యంగా ఉంది. ఇది నొప్పే, కానీ తనది. వస్తోంది, పోతోంది. దాన్ని పట్టుకుని నడవొచ్చు. లోపలి పరీక్ష చేసి మిడ్‌వైఫ్ చేతి తొడుగులు విప్పుతూ, "చాలా దూరం వచ్చేశావే. ఇంకాస్త," అన్నప్పుడు, ఆ ఉదయం నుంచి మొదటిసారి ఆమె ఎదురుగది తలుపు సంగతి మరిచిపోయింది.

తర్వాతి నొప్పి వచ్చింది. పోయింది.

పూర్తిగా పోలేదు.

పిడికిలి విప్పుకుంది, వెన్ను వదిలేసింది, కానీ కింద, ఆ గీత కుడిచివర, ఒక చోట మాత్రం మిగిలిపోయింది. చిన్నదే. గుండుసూది గుచ్చి మరిచిపోయినట్టు. అలసట అనుకుంది. ఇంకో నొప్పి వచ్చింది, పోయింది. అది మిగిలే ఉంది, కాస్త వెడల్పయింది.

మెషిన్ కుట్టుమిషను తొక్కుతూనే ఉంది. అంకెలు బాగానే ఉన్నాయి.

కొత్తగా చేరిన నర్సు నీళ్ళ సీసా అందిస్తూ అడిగింది, "ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉందండీ. థాంక్సండీ."

ఆ మాట తన నోట్లోంచి వచ్చి గదిలో తిరిగి తన చెవిలోనే పడింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. ఇన్నేళ్ళుగా హెడ్‌సెట్‌లో వింటున్నదే. తొందరేం లేదమ్మా, మీకు వీలున్నప్పుడే పంపండి. ఇలాంటి గొంతు ఫోనులో వినిపిస్తే తను ఏం చేసేది? ఇంకో ప్రశ్న అడిగేదా? అంకెలు బాగున్నాయి కదా అని పచ్చ గుర్తు పెట్టేదా?

ఎర్ర గుర్తు నొక్కేది. అడగకుండా.

కానీ నొక్కితే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఇంకాస్తలో అయిపోతుందన్నారు కదా. ఇంకొక్క నొప్పి చూద్దాం, అనుకుంది. ఆ ఒక్కటీ వచ్చినప్పుడు లోపల ఏదో, తడిగుడ్డ మెల్లగా చిరుగుతున్నట్టు, సాగింది.

ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది.

మిడ్‌వైఫ్ అటు తిరిగి సింకు దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుంటోంది. నర్సు అలమరలో గుడ్డలు తీస్తోంది. పిలుద్దామంటే గొంతు లేదు. భర్త ఒక్కడే మెషిన్ మీంచి తల తిప్పి, గాల్లో ఉన్న ఆ చేతిని చూశాడు. అతని మొహం వెలిగిపోయింది. పొద్దుటి నుంచి తనకొక పని దొరకలేదు. గబగబా వచ్చి ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, కిందికి దించి, గుండెకు అదుముకున్నాడు.

"ఇక్కడే ఉన్నాను. నేను ఇక్కడే ఉన్నానుగా."

ఆమె లాక్కోబోయింది. అతను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఇనుప తాళ్ళు లాగే చేతులు. ఆమె అతని కళ్ళలోకి చూసింది. ఎన్ని గొంతుల్ని ఊరుకోబెట్టిందో, ఎన్ని చేతుల్ని ఫోనులోంచే పట్టుకుందో. ఇప్పుడు తన చెయ్యి తనకు రావడం లేదు. తల వంచి అతని మణికట్టు మీద కొరికింది.

అతను కెవ్వుమని వదిలేశాడు. చెయ్యి మళ్ళీ లేచింది. ఈసారి మోచెయ్యి చెవికి తగిలేంత నిటారుగా, వేళ్ళు బిగుసుకుని.

సింకు పైనున్న అద్దంలో మిడ్‌వైఫ్ కళ్ళు ఆ చేతిని చూశాయి.

"థియేటరుకు చెప్పండి. ఇప్పుడే. పాత కుట్టు," అంది నర్సుతో. ఏంటి అనలేదు, ఎందుకు అనలేదు. మెషిన్ వైపు కూడా చూడలేదు. తడిచేతులతోనే మంచం బ్రేకులు తన్నింది. ఆమెను ఎక్కించి, వైరు పీకి, తలుపు భుజంతో నెట్టింది. ఎవరూ కట్టెయ్యని కుళాయి వెనక గదిలో కారుతూనే ఉంది.

*

పైన గుండ్రటి దీపం. అదే దీపం. కింద అదే చల్లటి బల్ల.

వెన్నులో సూది దిగింది. కాళ్ళు వేడెక్కి, బరువెక్కి, ఎడమది ముందుగా మాయమైపోయింది. కుడిది కొంచెం ఉండిపోయింది. చేతులు రెండూ పక్కల చెక్కల మీద చాపి మెత్తటి పట్టీలు వేశారు. మొహానికీ పొట్టకూ మధ్య ఆకుపచ్చ గుడ్డ లేచింది. దాని అవతల పెద్ద డాక్టరు గొంతు వినిపించింది.

"బిడ్డ గుండె ఎంత?"

"తగ్గుతోంది సార్."

మిడ్‌వైఫ్ టోపీ, ముసుగు తగిలించుకుని ఆమె తల దగ్గర నిలబడింది. ఆ పాలిపోయిన చేతులు ఆమె చెంపలకు రెండువైపులా ఉన్నాయి. "నేను ఎక్కడికీ పోను."

పటకారుతో చర్మం గిల్లి చూస్తున్నారు. ఎడమవైపు ఏమీ లేదు. మధ్యలో లేదు. కుడివైపు మంట.

"కుడివైపు తెలుస్తోందండీ," అంది ఆమె.

అదే మాట. అదే గొంతు. ఆమెకే విసుగేసింది, ఇంత మర్యాద ఎందుకని.

"టైం లేదు," అన్నారు డాక్టరు. ఎవరినో కాదు, తనను తానే తోసుకుంటున్నట్టు. "నొక్కినట్టు ఉంటుందమ్మా, అం..."

"ఆపండి."

గదిలో ఆ మాట అనాల్సిన మనిషి మిడ్‌వైఫ్ కాదు. అక్కడ ఆవిడ పని అయిపోయింది. అయినా అంది. "తెలుస్తోందని ఆవిడ అంటే తెలుస్తోందనే సార్. గొంతు చూసి మోసపోకండి. చేతిని చూడండి."

ఆకుపచ్చ గుడ్డ అంచు మీంచి డాక్టరు కళ్ళు కనిపించాయి. పట్టీ కింద ఆమె ఎడమ చెయ్యి లేవలేదు. మణికట్టు మాత్రం చెక్క మీంచి విరిగేంతగా వెనక్కు వంగి, అరచెయ్యి నిటారుగా నిలబడి ఉంది.

ఎవరో అంకె చదివారు. ఇంకా తగ్గింది.

ఆ క్షణం ఎంత పొడుగుందో ఆమె ఎప్పటికీ చెప్పలేకపోయింది. ఒకపక్క లోపల బిడ్డ. ఒకపక్క కత్తి. తను ఇప్పుడు తెలియడం లేదు అంటే బిడ్డ బయటికొస్తుంది. ఆ అబద్ధం నాలుక చివరదాకా వచ్చింది.

డాక్టరు చేతిలో ఉన్నది ట్రేలో పెట్టేశారు. లోహం లోహానికి తగిలిన చప్పుడు.

"నిద్రపుచ్చండి. వెంటనే," అన్నారు మత్తు డాక్టరుతో. తర్వాత, గుడ్డ మీంచి వంగి ఆమెతో, "నిద్రపుచ్చి తీస్తాం. మీరు చూడలేరు. తొందరగా తీస్తాం. సరేనా?"

అడిగారు. ఆమెను అడిగారు.

"సరేనండీ," అంది. ముసుగు మొహం మీదికి వచ్చేటప్పుడు చెంపల మీద ఆ రెండు చేతులూ అలాగే ఉన్నాయి.

*

మెలకువ వచ్చేసరికి గొంతు మండుతోంది. పగటి వెలుగు కిటికీ రెక్కల మీద ఉంది. ముందు ఏదీ అర్థం కాలేదు. ఎక్కడో కంట్రోల్ రూమ్‌లో ఎవరో అరుస్తున్నారు, ఎవరూ ఫోను ఎత్తడం లేదేంటి అనుకుంది.

"లేచిందిరా!" అత్తయ్య గొంతు. "ఇదిగోనే నీ కూతురు. నీ పోలిక ఒక్కటి కూడా రాలేదు తల్లీ. పుట్టిన దగ్గర్నుంచి ఆసుపత్రి మొత్తానికి వినపడుతోంది."

గుడ్డల్లో ఎర్రటి మొహం, తెరిచిన నోరు. ఆమె వేలితో ఆ నోటి అంచు తాకింది. అరుపు ఆగి, వేలిని వెతుక్కుంది, దొరకలేదని మళ్ళీ మొదలైంది. అరుస్తోందంటే ఊపిరి ఉన్నట్టే.

భర్త కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. మణికట్టుకు పట్టీ. "నాకు చెప్పాల్సింది," అన్నాడు మెల్లగా. "చెయ్యి అంటే అది అని." ఆమె తలూపింది. చెప్పాల్సిందే. "సూది కూడా వేశారు," అన్నాడతను పట్టీ చూపిస్తూ. "ఎవరు కరిచారని అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు."

మిడ్‌వైఫ్ వచ్చి నాడి చూసింది. చాలాసేపు చూసింది, అంత అవసరం లేకపోయినా.

"మన గదిలో కాలేదు కదక్కా," అంది ఆమె.

"కాలేదు." ఆవిడ చెయ్యి వదల్లేదు. "నాకూ బాధగానే ఉంది. ఎంత దగ్గరికి వచ్చావో."

దానికి ఓదార్పు ఉంటే ఆవిడ చెప్పేదే.

సాయంత్రం పెద్ద డాక్టరు వచ్చారు. ఈసారి వెనక ఎవరూ లేరు. మంచం పక్కన నిలబడి, పెన్ను మూత తీశారు, పెట్టారు.

"కుట్టు లోపల కుడిచివర విచ్చుకోవడం మొదలైంది. బాగుచేశాం. మెషిన్‌లో తేడా మీరు చెయ్యెత్తాక వచ్చింది, ముందు కాదు." మూత తీశారు. "అంతసేపు ఆగి ఉంటే..." పెట్టారు. అంతటితో వెళ్ళాలి. ఎప్పుడూ అంతటితో వెళ్ళిపోతారు. వెళ్ళలేదు. మంచం కమ్మీని చూస్తూ నిలబడ్డారు.

"పోయినసారి," అన్నారు. "పోయినసారి కూడా చెప్పారు మీరు. కుడివైపు అని. ఇందాక ఆ మాట నా నోట్లోకి వచ్చాక గుర్తొచ్చింది. అప్పుడు... అప్పుడు కూడా తెలిసిందా?"

పిల్లను జోకొడుతున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. భర్త ఆమెవంక చూశాడు. అతనికీ తెలియదు. ఆ రోజు అతను తలుపు బయట నిలబడి ఉన్నాడు. ఇంటికొచ్చాక ఎలా ఉంది అని అడిగితే, బాగానే ఉందండీ అంది.

"తెలిసిందండీ," అంది ఆమె.

నొక్కినట్టు అనిపించి ఉంటుందమ్మా, అంటారని ఎదురుచూసింది. అలవాటుగా గొంతు చల్లబరుచుకుని సిద్ధంగా ఉంది.

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. చుట్టూ చూసి, గోడ దగ్గరున్న స్టూలు తెచ్చుకుని, ఆ పని ఎప్పుడూ చేయని మనిషిలా తడబడుతూ సర్దుకుని, ఆమె తల దగ్గర కూర్చున్నారు.

"చెప్పండి," అన్నారు. "మొదటి నుంచి. నేను వింటాను."

"కుడివైపు నుంచి," అంది ఆమె, "కుడివైపు నుంచి మొదలైంది..."

అక్కడే గొంతు పగిలింది. ఆమె ఆపుకోలేదు.